బెయిల్ వచ్చినా తెరుచుకోని గేటు

బండి ఆత్మకూరు మండలంలో ఎవరినైనా రిమాండుకు పంపితే ఇంటివాళ్లు మొదట పరుగెత్తేది నంద్యాలకు, లాయరు కోసం. బెయిల్ పిటిషన్ వేయించి, ఆర్డరు వచ్చిందంటే మనిషి ఇంటికొచ్చినట్టే అనుకుంటారు. ఆ ఆర్డరులో చివరి వాక్యం అప్పటిదాకా ఎవరి కంటికీ ఆనదు: పదివేల రూపాయల సొంత బాండు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు. ఆ ఇద్దరు దొరక్క, బెయిల్ వచ్చిన మనిషి సబ్ జైల్లోనే ఉండిపోతాడు. అందుకే లాయరును చూసుకునే రోజునే, బెయిల్ తెస్తారా అన్న ప్రశ్నతో పాటు మరొకటి అడగాలి: జామీను దొరక్కపోతే ఏం చేస్తారండీ? పేద కుటుంబానికి పనికొచ్చే లాయరెవరో ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబే చెబుతుందని నా అభిప్రాయం.

ముందు బాండు సంగతి చూద్దాం. బెయిల్ అంటే కోర్టుకు డబ్బు కట్టడం అనుకునేవాళ్లు చదువుకున్నవాళ్లలోనూ ఉన్నారు. అమెరికా సినిమాల్లో కనిపించే బెయిల్ బాండు కంపెనీ పదిశాతం ఫీజు తీసుకుని మనిషిని విడిపిస్తుంది. ఆ వ్యాపారం అమెరికాలో, ఫిలిప్పీన్స్‌లో తప్ప ప్రపంచంలో దాదాపు ఎక్కడా లేదు. మన దగ్గర బాండు ఒక రాతపూర్వకమైన మాట. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత దీన్ని విడమరిచి చెప్పింది: జామీనుదారు లేకుండా తానే రాసిచ్చేది బాండు, జామీనుదారుతో కలిపి ఇచ్చేది బెయిల్ బాండు. మామూలుగా జామీనుదారు ఆ రోజు కోర్టులో పైసా కట్టడు. ఆధార్ నకలు, ఫొటో, పట్టాదారు పాసుపుస్తకమో ఇంటి పన్ను రసీదో పట్టుకుని నిలబడతాడు. ఇతను నీకేమవుతాడు, ఇంకెవరికైనా జామీను ఉన్నావా, వాయిదాకు రాకపోతే డబ్బు నువ్వు కట్టాలి, తెలుసా అని మేజిస్ట్రేటు అడుగుతారు. నిందితుడు పారిపోతే అప్పుడు కోర్టు నోటీసిచ్చి, సంజాయిషీ విని, ఆ మొత్తాన్ని వసూలు చేస్తుంది.

చిక్కంతా ఆ పాసుపుస్తకం దగ్గరే. కుందూ పక్కన, కేసీ కాలువ కింద ఎకరాల కొద్దీ వరి పండించే మనిషి కౌలు రైతైతే అతని పేరున సెంటు భూమి ఉండదు. పంట సాగుదారు హక్కుల కార్డు 11 నెలల సాగుకు ఆధారమే తప్ప ఆస్తి కాగితం కాదు. అతని బంధువులూ స్నేహితులూ అలాంటివాళ్లే. ఆళ్లగడ్డలో రాయి చెక్కే కూలీకీ, నంద్యాలలో హమాలీకీ ఇదే పరిస్థితి. అప్పుడు ఊళ్లో భూమి ఉన్న పెద్దమనిషి కాళ్లావేళ్లా పడాలి. జామీను ఉన్నవాడికి తర్వాత ఓటు దగ్గర, కూలి దగ్గర, తగాదా దగ్గర ఎదురు మాట్లాడడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? సీమలో ఫ్యాక్షన్ రోజుల్లో కేసు ఖర్చులు, జామీనులు నాయకుడే చూసుకోవడం అనుచరుణ్ని కట్టిపడేసిన తాళ్లలో ఒకటి. పెద్దమనిషి లేకపోతే, కోర్టుల చుట్టూ డబ్బు తీసుకుని ముక్కూమొహం తెలియనివాళ్లకు జామీను నిలిచే మనుషులు తగులుతారు. దొంగ కాగితాలు బయటపడితే అసలు కేసు మీద ఇంకో కేసు. లాయరుగారే జామీను ఉంటారనుకుంటే అదీ కుదరదు. తన క్లయింటుకు న్యాయవాది జామీను ఉండకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమమే ఉంది.

ఈ అన్యాయాన్ని సుప్రీంకోర్టు ఎప్పుడో గుర్తించింది. 1978 నాటి మోతీరామ్ కేసులో నిందితుడు మధ్యప్రదేశ్‌లో తాపీ మేస్త్రీ. అతనికి బెయిల్ ఇమ్మని సుప్రీంకోర్టు చెప్పినా కింది మేజిస్ట్రేటు పదివేల జామీను అడిగారు. అన్న ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ షరతు కొట్టేసి వెయ్యి రూపాయల సొంత బాండు మీద విడిచిపెట్టమన్నారు. బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టైన తెలుగువాడు స్థానిక జామీనుదారును ఎక్కణ్నించి తెస్తాడని ఆ తీర్పులోనే అడిగారు. వలస కూలీలున్న ప్రతి ఇంటికీ తగిలే ప్రశ్న అది. మరుసటి ఏడాది హుస్సేనారా ఖాతూన్ కేసు, బెయిల్‌కు డబ్బు లేక బీహార్ జైళ్లలో ఏళ్ల తరబడి మగ్గినవాళ్లను దేశానికి చూపించింది. ఇంత జరిగాక కూడా, 2022 చివరికి మన జైళ్లలోని 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. వీళ్లందరికీ బెయిల్ వచ్చిందని కాదు. వచ్చి కూడా ఆగిపోయినవాళ్లు తగినంత మంది ఉండబట్టే 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ప్రత్యేకంగా ఆదేశాలిచ్చింది. ఆర్డరు వచ్చిన వారంలో ఖైదీ బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెలలోపు బాండ్లు ఇవ్వలేకపోతే షరతు సడలించే సంగతి కోర్టు తనంతట తాను చూడవచ్చు. స్థానిక జామీనే కావాలన్న పట్టు ఆలస్యానికి ఒక కారణమని కూడా గుర్తించింది. అదే ఏడాది కేంద్ర హోంశాఖ తెచ్చిన పేద ఖైదీల సహాయ పథకంలో, జామీను మొత్తం కట్టలేని విచారణ ఖైదీకి 40 వేల రూపాయల దాకా సాయం చేసే ఏర్పాటు పెట్టారు.

జామీను అడగకపోతే నిందితుడు పారిపోడా అంటారు. భయం సహజమే, బాధితుల వైపు నుంచి చూస్తే మరీ సహజం. అయితే ఈ మనిషిని వదలవచ్చా లేదా అన్నది బెయిల్ ఇచ్చేటప్పుడే జడ్జి తేల్చేశారు. మిగిలింది అతను వాయిదాకు వస్తాడా అన్నదొక్కటే. ఊళ్లో ఇల్లు, బడికెళ్లే పిల్లలు, కోతకొచ్చిన చేను ఉన్న మనిషి ఎక్కడికి పోతాడు? వారానికోసారి స్టేషన్‌లో సంతకం పెట్టమనవచ్చు. తప్పితే బెయిల్ రద్దు చేయవచ్చు. డబ్బుకు నిలబడ్డ జామీనుదారుకు ఆ నిందితుడి ఊరు కూడా తెలియదు, అతను ఇచ్చే భరోసా ఏపాటిది? అందుకే చట్టం కూడా బాండు మొత్తం అతిగా ఉండకూడదంటుంది. బెయిలబుల్ నేరంలో అరెస్టైన వారంలోగా జామీను ఇవ్వలేకపోయినవాణ్ని బీదవాడిగానే భావించి సొంత బాండు మీద వదలమంటుంది.

ఇక లాయరు. ప్రకటనలు ఇచ్చుకోవడం న్యాయవాదులకు నిషిద్ధం కాబట్టి మంచి క్రిమినల్ లాయరు పేరు నోటి మాటగానే తెలుస్తుంది, స్టేషన్ దగ్గర తిరిగే మధ్యవర్తి చెప్పినా తెలుస్తుంది. రెండోదాన్ని నమ్మకండి. ఈ కోర్టులో క్రిమినల్ కేసులు ఎవరు చూస్తున్నారో నాలుగు వాయిదాలకు వెళ్లి కూర్చుంటే కంటికే కనిపిస్తుంది. బెయిల్ వస్తేనే ఫీజు అనేవాళ్లకూ, గ్యారంటీగా తెస్తాననేవాళ్లకూ దూరంగా ఉండాలి. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం నియమాలకే విరుద్ధం. డబ్బు లేకపోతే ఉచితంగా లాయరును పొందడం హక్కు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్లకూ, ఆడవాళ్లకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయంతో పని లేదు. ఉచిత లాయరు పట్టించుకోడన్న అనుమానం ఊరకే పుట్టలేదు, ఒక్కొక్కరి మీద కేసుల బరువు నిజంగానే ఎక్కువ. కానీ జామీను షరతు తగ్గించమని వేసే పిటిషన్‌కు పేరుమోసిన వాదన అక్కర్లేదు, ఇంటి వివరాలు కావాలి. ఆ వివరాలు సమకూర్చాల్సింది కుటుంబమే.

ఆధార్, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, కౌలు కార్డు ఉంటే అది, పిల్లల బడి కాగితం, బెయిల్ ఆర్డరు నకలు ఒక సంచీలో పెట్టుకోవాలి. 15100కు ఫోన్ చేసో, కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీకి వెళ్లో, బెయిల్ వచ్చి ఎన్ని రోజులైందో, జామీనుకు ఎవరెవరిని అడిగితే ఎందుకు కుదరలేదో చెప్పాలి. ఆ రోజుల లెక్క, ఆ పేర్లు అర్జీలో అలాగే రాయించాలి.