బోర్డర్‌లో ఉన్న షుగర్, ఆగని నష్టం

"షుగర్ రాలేదులెండి, బోర్డర్‌లో ఉంది" అనగానే రిపోర్టు మడిచి బీరువాలో పెట్టేసేవాళ్లే ఎక్కువ. పరగడుపున 100 నుంచి 125 వరకు, లేదా హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్. 126 లేదా అంతకు మించితే షుగర్ జబ్బు. అయితే ఆ 126ను ముఖ్యంగా కంటి రెటీనా దెబ్బతినడం ఎక్కడ పెరుగుతోందో చూసి నిర్ణయించారు. గుండె రక్తనాళాల లెక్క వేరు.

అసలు కథ షుగర్ పెరగకముందే మొదలవుతుంది. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తే (ఇదే ఇన్సులిన్ రెసిస్టెన్స్), క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. అందుకే ఏళ్ల తరబడి పరగడుపు అంకె బాగానే కనిపిస్తుంది.

రక్తనాళం లోపలి పలుచని పొర మీదా ఇన్సులిన్ పనిచేస్తుంది. ఒక దారిలో నైట్రిక్ ఆక్సైడ్ తయారై నాళం వదులవుతుంది. ఇంకో దారిలో ఎండోథెలిన్ విడుదలై నాళం బిగుసుకుంటుంది. ఇన్సులిన్ రెసిస్టెన్స్‌లో మొదటి దారి మందగిస్తుంది, రెండోది మాత్రం సాగుతూనే ఉంటుంది. చిక్కంతా ఇక్కడే. పెరిగిన ఇన్సులిన్ బిగించే వైపుకే బలమిస్తుంది. నాళాలు గట్టిపడతాయి, బీపీ పెరుగుతుంది.

మరోపక్క కాలేయం ట్రైగ్లిజరైడ్లను ఎక్కువగా రక్తంలోకి పంపుతుంది. మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ పడిపోతుంది. చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవై, నాళపు గోడలోకి సులువుగా దూరతాయి. మొత్తం ఎల్‌డీఎల్ అంకె మామూలుగానే ఉండి మనల్ని మభ్యపెట్టవచ్చు. కాబట్టి లిపిడ్ రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు 150 దాటాయా, హెచ్‌డీఎల్ మగవారిలో 40, ఆడవారిలో 50 కన్నా తగ్గిందా చూడండి. టేపు పెట్టి నడుము కొలవండి: మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చినవారు "నేను సన్నమేగా" అనుకోవడం మన దగ్గర మామూలే.

చైనాలోని దాచింగ్‌లో 1986లో ప్రీడయాబెటిస్ ఉన్న 577 మందితో అధ్యయనం మొదలైంది. ఆరేళ్లు తిండి, వ్యాయామం సరిచేసినవారిలో, ముప్ఫై ఏళ్ల తర్వాత చూస్తే గుండెపోటు, పక్షవాతం వంటివి మిగతావారికన్నా 26 శాతం తక్కువ. షుగర్ సగటున నాలుగేళ్లు వాయిదా పడింది. ప్రీడయాబెటిస్ ఉన్న ప్రతివారికీ గుండెపోటు వస్తుందని కాదు. సిగరెట్, బీపీ తోడైతే మాత్రం ముప్పు బాగా పెరుగుతుంది.

కదిలే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. రెండోసారి అన్నం వడ్డించుకోకుండా, భోజనం కాగానే పావుగంట నడిస్తే ఆ లాభం ఆ పూటే అందుతుంది. మందు అవసరమా కాదా అన్నది మీ డాక్టరు తేల్చాలి.