కత్తికి చిక్కని జబ్బులు

ఇవాళ చిన్నది అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడదాం. మటన్ కొట్లో వేలాడే తొడ మీద ఆ ముద్ర ఎందుకు తాతా, అని అడిగింది.

ఆ జీవాన్ని పశువుల డాక్టరు రెండుసార్లు చూశాడని దాని అర్థం తల్లీ. ఒకసారి ప్రాణంతో ఉండగా, ఇంకోసారి కోశాక. బతికున్నప్పుడు నడక సరిగా ఉందా, ముక్కు కారుతోందా, ఒళ్లు కాలుతోందా, నెమరు వేస్తోందా అని చూస్తాడు. కోశాక ఊపిరితిత్తులు, కార్జం, గుండె చేత్తో నొక్కి చూస్తాడు. జబ్బు చేస్తే మనకు గజ్జల్లో, మెడలో బిళ్లలు కడతాయి చూడండి, పశువులకూ అలాంటి బిళ్లలుంటాయి. అనుమానం వస్తే వాటిని కత్తితో కోసి, లోపల చీముగానీ సున్నంలాంటి గట్టి పొక్కుగానీ ఉందేమో పరీక్షిస్తాడు. అన్నీ బాగుంటేనే ముద్ర.

ఈ పద్ధతి జర్మనీలో గట్టిపడింది. దాని వెనక ఒక పనిపిల్ల చావు ఉంది. 1860లో డ్రెస్డెన్ ఆసుపత్రిలో ఆ అమ్మాయి చనిపోయింది. టైఫాయిడ్ అనుకున్నారు. జెంకర్ అనే డాక్టరు ఆమె కండను సూక్ష్మదర్శిని కింద పెడితే సన్నటి పురుగులు కుప్పలుగా కనిపించాయి. ట్రైకినెల్లా అంటారు వాటిని. మనిషి కండలో ఆ పురుగులుంటాయని పాతికేళ్ల ముందే, 1835లో, లండన్‌లో పేజెట్ అనే వైద్య విద్యార్థి కనిపెట్టాడు. అవి ప్రాణం తీస్తాయని మాత్రం అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. ఆ పిల్ల పనిచేసిన ఇంట్లో క్రిస్మస్ రోజుల్లో పందిని కోశారు. జెంకర్ వెళ్లి మిగిలిన హ్యామ్, సాసేజి చూస్తే అందులోనూ అవే పురుగులు. ఐదేళ్ల తర్వాత హెడెర్స్‌లేబెన్ అనే ఊళ్లో ఇదే జబ్బుతో వందమందికి పైగా పోయారు. దాంతో పంది మాంసాన్ని సూక్ష్మదర్శిని కింద చూడకుండా అమ్మకూడదన్నారు. 1892లో ఓస్టర్‌టాగ్ అనే పశువైద్యుడు మాంస పరీక్ష మీద పెద్ద గ్రంథం రాశాడు. ఎక్కడ చూడాలి, ఏ బిళ్లను కోయాలి, ఏం కనిపిస్తే పారెయ్యాలి, అన్నీ అందులో ఉన్నాయి. 1906లో అమెరికా కూడా ఇలాంటి చట్టమే చేసింది.

ఆ కాలానికి అది గొప్ప పని. పశువుల క్షయ, బద్దెపురుగు తిత్తులు, చీముగడ్డలు, కామెర్లు, ఇవన్నీ కంటికి కనిపించేవే. చూపున్న కన్నూ పదునున్న కత్తీ లక్షల మందిని కాపాడాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1993 మొదట్లో అమెరికా పడమటి రాష్ట్రాల్లో జాక్ ఇన్ ది బాక్స్ అనే బర్గర్ షాపుల్లో తిన్నవాళ్లు 700 మందికి పైగా మంచాన పడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. ఆ మాంసం పరీక్షకుల చేతుల మీదుగా వెళ్లిందే. వాళ్లు పని ఎగ్గొట్టలేదు. తప్పంతా ఈ.కోలై ఓ157 అనే బాక్టీరియాది. అది ఆవు పేగులో ఉంటుంది, ఆవుకు ఏ జబ్బూ చెయ్యదు. ఆ ఆవు మేత మేస్తుంది, నెమరు వేస్తుంది, నిగనిగలాడుతూ ఉంటుంది. కోశాక కార్జం శుభ్రంగా, బిళ్లలు మామూలుగా ఉంటాయి. చర్మం ఒలిచేటప్పుడో పేగు తీసేటప్పుడో పిసరంత పేడ మాంసానికి తగిలితే చాలు. ఆ మాంసాన్ని కైమా కొడితే పైనున్న క్రిమి లోపలికి పోతుంది, మధ్యలో సరిగా ఉడక్కపోతే బతికే ఉంటుంది. దీన్ని ఏ కన్నూ చూడలేదు, ఏ ముక్కూ వాసన పట్టలేదు.

సాల్మొనెల్లా అనే క్రిమి కూడా అంతే. కోళ్లలో ఉండే కాంపైలోబాక్టర్ కూడా అంతే. యూరప్‌లో జంతువుల నుంచి తిండి ద్వారా మనుషులకు వచ్చే జబ్బుల్లో 2005 నుంచీ ఈ కాంపైలోబాక్టర్‌దే పెద్ద వాటా. కోడి మాత్రం కులాసాగా తిరుగుతుంది. ఇంకో మాట, మీ అమ్మలకు చెప్పండి. చికెన్‌ను కుళాయి కింద కడిగితే ఆ తుంపర్లు సింకు చుట్టూ పడతాయి. కూర ఉడికితే క్రిమి చస్తుంది, భయం లేదు. చికెన్ కోసిన కత్తిపీట మీదే బిర్యానీలోకి ఉల్లిపాయ చక్రాలు తరిగితే మాత్రం, అవి ఉడకవు కదా, క్రిమి నేరుగా నోట్లోకి పోతుంది.

యూరప్‌లో ఆహార భద్రత చూసే సంస్థ ఇటలీలోని పార్మాలో ఉంది. 2011లో వాళ్లు పందుల పరీక్షను మొదటి నుంచి తిరగేశారు. తేలిన సంగతి వింటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పంది దవడ కింద ఉండే బిళ్లల్ని క్షయ కోసం కోయడం వందేళ్ల ఆచారం. క్షయ అక్కడ దాదాపు పోయింది. పంది గొంతులో, ఆ దవడ బిళ్లల్లోనే సాల్మొనెల్లా, యెర్సీనియా అనే క్రిములు కాపురముంటాయి. అంటే పరీక్షకుడు ఆ బిళ్లను కోసి, అదే కత్తితో, అదే చేత్తో పక్క పందిని ముట్టుకుంటే, లేని జబ్బును వెతుకుతూ ఉన్న జబ్బును తనే అంటిస్తున్నట్టు! కత్తిని 82 డిగ్రీల వేడినీళ్లలో ముంచాలని నియమం ఉంది. గంటకు వందల పందులు ముందు నుంచి సాగిపోతుంటే చేయి ఎన్నిసార్లు కడుగుతాడు, పాపం?

అందుకని 2014 జూన్ నుంచి అక్కడ పందుల్ని మామూలుగా కంటితో మాత్రమే చూస్తారు. అనుమానం వస్తేనే పక్కకు తీసి కోస్తారు. మిగిలిన పరీక్ష వెనక్కి, పెంపకందారు ఇంటిదాకా వెళ్లింది. పశువును పంపేముందే ఏ జబ్బు చేసింది, ఏ మందు వాడారు, ఆ మందు ఒంట్లోంచి పోయే గడువు దాటిందా అని కబేళాకు కాగితం చేరాలి. డెన్మార్క్ ఇంకా ముందే, 1995 నుంచే, ఒక పని చేస్తోంది. పంది మాంసం ముక్క నుంచి కారే రసంలో సాల్మొనెల్లాకు విరుగుడుగా పుట్టిన యాంటీబాడీలు ఉన్నాయేమో చూసి, దాన్నిబట్టి ఫారాలను మూడు తరగతులుగా విడగొడతారు. చెడ్డ తరగతి ఫారం పందుల్ని ప్రత్యేక జాగ్రత్తలతో కోస్తారు. ఒక్క పందిని కాదు, మొత్తం మంద చరిత్రను చూడటం అంటే ఇదీ.

ట్రైకినెల్లా పరీక్ష కూడా మారింది. ఊపిరితిత్తుల కింద ఉండే పొర కండలోంచి పందికి ఒక గ్రాము చొప్పున, వంద పందులవి కలిపి తీసుకుంటారు. రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పెప్సిన్ కలిపి అరగంట తిప్పుతారు. అచ్చం మన కడుపు చేసే పనే! కండ కరిగిపోతుంది, పురుగు పిల్ల కరగదు, అడుక్కు దిగుతుంది. ఒక్కటి కనిపించినా, అది ఏ పందిదో తేలేదాకా ఆ వంద పందుల్నీ మళ్లీ పరీక్షిస్తారు.

ఇదంతా విని, మనం కూడా కత్తి పక్కన పెట్టేస్తే సరి అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. వాళ్ల పందులు చాలావరకు షెడ్డులో పుట్టి షెడ్డులోనే పెరుగుతాయి. మన జీవాలు గుట్టల మీద, చెరువు గట్ల మీద, కుక్కలు తిరిగే చోటే మేస్తాయి. కత్తికి దొరికే పాత జబ్బులు మన దగ్గర ఇంకా పోలేదు. మనకు కత్తీ కావాలి, ప్రయోగశాలా కావాలి. 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద వచ్చిన నియమాల్లో కోతకు ముందు, కోశాక చేసే రెండు పరీక్షలూ ఉన్నాయి. అయితే ఆదివారం తెల్లవారుజామున రోడ్డు పక్కన కోసిన మేకను ఏ డాక్టరు చూశాడు? మన ఊళ్లలో ఆధునీకరణ అక్కడ మొదలవ్వాలి.

మొదట దొమ్మ రోగం సంగతి చూడండి, ఆంత్రాక్స్ అంటారే, అదే. విశాఖ మన్యంలో ఎన్నోసార్లు వచ్చింది. గొర్రె ఉన్నట్టుండి పడి చస్తుంది, ముక్కు నుంచి, వెనక నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంది. ఆ కళేబరాన్ని కోయనే కూడదు. గాలి తగిలితే ఆ క్రిమి గట్టి పెంకు కట్టుకుని మట్టిలో ఏళ్ల తరబడి కాచుకుని ఉంటుంది. ఊళ్లో ఏం చేస్తారంటే, వృథా పోనివ్వడం ఎందుకని కోసి, పోగులు వేసి పంచుకుంటారు. కోసిన చేతుల మీద నల్ల పుండ్లు లేస్తాయి. దీన్ని పట్టేది ప్రాణంతో ఉండగా చేసే పరీక్షే. కానీ ఒక్క మాట. గొర్రెకు జబ్బని నోరు విప్పినందుకు కాపరి నష్టపోతే, రెండోసారి నోరు విప్పడు. చచ్చిన జీవానికి డబ్బు సకాలంలో చేతికందాలి. దాన్ని కూడా నేను మాంస పరీక్షలో భాగమనే అంటాను.

రెండోది నీటి తిత్తులు. గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీళ్లు నిండిన తెల్లటి బుడగలు ఉంటాయి. ఆ తిత్తి తింటే మనిషికి ఆ జబ్బు రాదు. పనికిరాదని కుక్కకు విసిరితేనే ప్రమాదం. కుక్క పేగులో కొద్ది మిల్లీమీటర్ల బద్దెపురుగులు వేలకొద్దీ పెరుగుతాయి, వాటి గుడ్లు పెంటలో పడతాయి. కుక్కను నిమిరిన చేయి కడుక్కోకుండా అన్నం తిన్న పిల్లవాడికి, ఆకుకూర సరిగా కడగని ఇంటికి ఆ గుడ్లు చేరతాయి. కొన్నేళ్లకు ఆ పిల్లవాడి కార్జంలో తిత్తి. మాంసం ముట్టని ఇంట్లో కూడా! కాబట్టి తిత్తి ఉన్న కార్జాన్ని పరీక్షకుడు తీసేస్తే సరిపోదు, దాన్ని కాల్చాలి, లేదా కుక్క తవ్వలేనంత లోతున పూడ్చాలి.

మన హైదరాబాద్ శివార్లలో, చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. మాంసం ముక్క ఇస్తే అక్కడివాళ్లు అది ఏ జంతువుదో డీఎన్ఏ పరీక్షతో చెప్పగలరు. తెలివికి కొదవ లేదు. ఆవులకు, గేదెలకు 12 అంకెల చెవి ట్యాగులు వేస్తున్నారు కదా, గొర్రెల మందలకూ అలాంటి గుర్తు పక్కాగా ఉంటే, కబేళాలో తిత్తి కనిపించిన రోజే అది ఏ ఊరి మందో తెలిసిపోతుంది. అప్పుడు పశువుల ఆసుపత్రి వాళ్లు ఆ ఊరికెళ్లి, మంద వెంట తిరిగే కుక్కలకు ఏడాదికి నాలుగుసార్లు ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయవచ్చు, గొర్రెలకు టీకా వేయవచ్చు, కాపరి పిల్లల్ని స్కానింగుకు పంపవచ్చు.