చలి పొద్దున చేపలకు వెళ్తున్నారా? ముందు చేతులు చూసుకోండి

డిసెంబర్, జనవరి నెలల్లో ఫజర్ నమాజ్ అయిన వెంటనే గాలం పట్టుకొని బుక్కరాయసముద్రం చెరువు గట్టుకో, కూడేరు దగ్గర పీఏబీఆర్ డ్యామ్ వైపో బయల్దేరేవాళ్లు మనలో ఉన్నారు. అనంతపురంలో చలేంటి అని బయటి ఊరివాళ్లు నవ్వుతారు. తడి చేతులతో ఆ గాలికి ఒక గంట కూర్చుంటే తెలుస్తుంది.

అసలు ఇబ్బంది తడితోనే. గాలి కంటే నీళ్లు ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. అప్పుడు గుండె, ఊపిరితిత్తులను కాపాడుకోవడానికి శరీరం వేళ్లకు పోయే రక్తాన్ని తగ్గిస్తుంది. వేళ్లు మొద్దుబారతాయి. గాలం ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుట్టిలో ఉంటే తెడ్డు జారిపోతుంది.

కాబట్టి ముందు ఒళ్లు వెచ్చగా ఉండాలి. స్వెట్టర్, చెవులకు మఫ్లర్ తప్పనిసరి. వేళ్ల కొసలు కత్తిరించిన ఉన్ని గ్లౌజులు రెండు జతలు తీసుకెళ్లండి, ఒకటి తడిస్తే మార్చుకోవచ్చు. చేపను తాకిన ప్రతిసారీ చేతులు పొడి తువ్వాలుతో తుడుచుకోవాలి. గోధుమపిండి ఎర ఇంట్లోనే ఉండలు చేసుకొని పోతే అక్కడ పిండి తడిపే పని ఉండదు. బీడీ తాగితే వెచ్చదనం వస్తుందనేది ఉత్త భ్రమ. నికోటిన్ రక్తనాళాలను ఇంకా బిగిస్తుంది. దానికంటే ఫ్లాస్కులో చాయ్ మేలు, గ్లాసు పట్టుకున్నా చేతులకు హాయి.

షుగర్ ఉన్న పెద్దవాళ్లు మాత్రం చలిమంట దగ్గర చేతులు పెట్టొద్దు. కొందరికి స్పర్శ ముందే తగ్గి ఉంటుంది, కాలిన సంగతి బొబ్బ లేచాకే తెలుస్తుంది. చేతులు తుడుచుకొని చంకల్లో పెట్టుకొని కాసేపు కూర్చోమనండి.