ఏఈ86లో 20 వాల్వ్ ఇంజిన్‌కి డిస్ట్రిబ్యూటరే అడ్డం.. రీలొకేషన్ కిట్ ఎలా డిజైన్ చేస్తారంటే?

పాత టయోటా ఏఈ86 కారు బానెట్ ఎత్తితే లోపల కొత్త 20 వాల్వ్ ఇంజిన్.. ఇలాంటి వీడియోలు సోషల్ మీడియాలో తరచూ కనిపిస్తుంటాయి. 'ఇనీషియల్ డి' యానిమే చూసిన వాళ్లకి ఈ కారు బాగా తెలుసు. ఆ కథలో కూడా హీరో కారుకి తర్వాత 20 వాల్వ్ ఇంజిన్ పెడతారు. వీడియోలో రెండు నిమిషాల్లో అయిపోయే ఈ పని, గ్యారేజీలో మాత్రం ఒక చిన్న పార్ట్ దగ్గర ఆగిపోతుంది. అదే డిస్ట్రిబ్యూటర్. దాన్ని వేరే చోటికి మార్చే కిట్‌ని ఎలా డిజైన్ చేస్తారు? తేడా వస్తే ఇంజిన్‌కి ఏమవుతుంది? చూద్దాం.

అసలు సమస్య ఏంటి?

ఏఈ86 కార్లు 1983 నుంచి 1987 వరకు తయారయ్యాయి. వెనక చక్రాలు తిరిగే కారు కాబట్టి ఇంజిన్ నిలువుగా, అంటే ముందు నుంచి వెనక్కి ఉంటుంది. అందులో వచ్చింది 1,587 సీసీ 4ఏ-జీఈ ఇంజిన్.. 16 వాల్వ్‌లు.

1991లో ఇదే ఇంజిన్‌కి 20 వాల్వ్ వెర్షన్ వచ్చింది. ఒక్కో సిలిండర్‌కి 5 వాల్వ్‌లు. వాల్వ్ కవర్ రంగుని బట్టి దీన్ని 'సిల్వర్ టాప్' అంటారు. పవర్ 160 పీఎస్. 1995లో వచ్చిన 'బ్లాక్ టాప్' 165 పీఎస్ ఇస్తుంది. బ్లాక్ ఒకే కుటుంబానిది కావడంతో పాత గేర్‌బాక్స్‌కి సరిపోతుంది. అందుకే ఈ మార్పిడికి అంత క్రేజ్.

అయితే 20 వాల్వ్ ఇంజిన్‌ని ముందు చక్రాలు తిరిగే కార్ల కోసం తయారు చేశారు. వాటిలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ సిలిండర్ హెడ్ వెనక చివర, క్యామ్‌షాఫ్ట్‌కి నేరుగా తగిలించి ఉంటుంది. అడ్డంగా ఉన్నప్పుడు అక్కడ ఖాళీ ఉంటుంది. అదే ఇంజిన్‌ని నిలువుగా తిప్పి ఏఈ86లో పెడితే, డిస్ట్రిబ్యూటర్ వెళ్లి ఫైర్‌వాల్‌కి తగులుతుంది. ఫైర్‌వాల్ అంటే ఇంజిన్‌కి, కేబిన్‌కి మధ్య ఉండే రేకు గోడ.

దీనికి ఉన్న దారులు..

ఒకటి, ఫైర్‌వాల్‌ని కొట్టి లోపలికి నొక్కడం లేదా కోసేయడం. ఖర్చు తక్కువే. కానీ బాడీ బలం దెబ్బతింటుంది, పాత కారుని మళ్లీ మామూలుగా చేయలేం.

రెండు, డిస్ట్రిబ్యూటర్‌ని పూర్తిగా తీసేసి, ఒక్కో ప్లగ్‌పై ఒక్కో కాయిల్ పెట్టడం. ఇది మంచి పద్ధతే. కాకపోతే విడిగా ఈసీయూ, కొత్త సెన్సర్లు, వైరింగ్, ట్యూనింగ్ కావాలి. ఖర్చు బాగా పెరుగుతుంది.

మూడోది రీలొకేషన్ కిట్. ఒరిజినల్ ఈసీయూ, ఒరిజినల్ డిస్ట్రిబ్యూటర్ అలాగే ఉంచి, దాన్ని ఇంజిన్ ముందు వైపుకి మార్చడం.

డిస్ట్రిబ్యూటర్ చేసే పని ఇదీ..

కాయిల్ నుంచి వచ్చే కరెంట్‌ని ఏ సిలిండర్‌కి, ఎప్పుడు ఇవ్వాలో అక్కడే పంచుతుంది. ఈ ఇంజిన్‌లో ఆ వరుస 1-3-4-2. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ ఒక్క చుట్టు తిరుగుతుంది. అంతేకాదు, ఇంజిన్ ఏ పొజిషన్‌లో ఉందో ఈసీయూకి చెప్పే సెన్సర్లు కూడా దీని లోపలే ఉంటాయి. అంటే దీన్ని మార్చడం స్పార్క్‌కి మాత్రమే సంబంధించిన విషయం కాదు, ఇంజిన్ గడియారాన్నే మార్చినట్టు.

7,800 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ సెకనుకి 130 చుట్లు తిరుగుతుంది. సెకనుకి 260 స్పార్క్‌లు పడాలి. ఆ స్పీడ్‌లో క్రాంక్ ఒక్క డిగ్రీ తిరగడానికి పట్టే టైమ్ సెకనులో సుమారు 47 వేల వంతు మాత్రమే. అందుకే కిట్‌లో చిన్న లూజు ఉన్నా టైమింగ్ తేడా కొడుతుంది.

డిజైన్‌లో మొదటి ప్రశ్న.. ఏ క్యామ్ నుంచి తిప్పాలి?

20 వాల్వ్ ఇంజిన్‌లో ఇన్‌టేక్ క్యామ్‌కి వీవీటీ ఉంటుంది. అంటే నడుస్తుండగానే ఆ క్యామ్ ముందుకి, వెనక్కి జరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్‌ని దానికి తగిలిస్తే, వీవీటీ పనిచేసిన ప్రతిసారీ సెన్సర్ సిగ్నల్ కూడా జరుగుతుంది. ఈసీయూ లెక్క తప్పుతుంది. కాబట్టి డ్రైవ్ ఎగ్జాస్ట్ క్యామ్ నుంచే తీసుకోవాలి.

రెండో ప్రశ్న.. ఏ దిక్కుకి తిరుగుతుంది?

చాలామంది పొరపడేది ఇక్కడే. క్యామ్ తిరిగే దిక్కు మారదు. కానీ వెనక ఉన్న డిస్ట్రిబ్యూటర్‌ని తెచ్చి ముందు పెట్టి, క్యాప్ రేడియేటర్ వైపు చూసేలా బిగిస్తే, దాని లోపలి షాఫ్ట్ ఇంతకుముందు తిరిగిన దానికి రివర్స్‌లో తిరుగుతుంది. గోడ గడియారాన్ని వెనక నుంచి చూస్తే ముల్లు ఎడమకి తిరిగినట్టు కనిపిస్తుంది కదా.. అలాగే.

ప్లగ్ వైర్ల వరుస మార్చితే స్పార్క్ సమస్య తీరొచ్చు. కానీ సెన్సర్ సిగ్నల్స్ మధ్య ఉండే లెక్క తలకిందులైతే ఈసీయూకి అర్థం కాదు. దీనికి రెండు పరిష్కారాలు. ఒకటి, మధ్యలో సమానమైన పళ్లున్న రెండు గేర్లు పెట్టి దిక్కుని మళ్లీ తిప్పడం. రెండోది, పళ్ల బెల్ట్‌తో పక్కకి తెచ్చి, క్యాప్ ముఖం ఎప్పటిలాగే వెనక్కి ఉండేలా బిగించడం.

ఏ పద్ధతైనా రెండు పుల్లీల పళ్లు కచ్చితంగా సమానంగా ఉండాలి. 24 పళ్ల పుల్లీ అనుకుంటే, ఒక్క పన్ను తప్పితే డిస్ట్రిబ్యూటర్ దగ్గర 15 డిగ్రీలు, క్రాంక్ దగ్గర 30 డిగ్రీల తేడా. ఇంజిన్ స్టార్ట్ అవడమే కష్టం.

కిట్‌లో ఏమేం ఉండాలి?

* అల్యూమినియం అడాప్టర్ ప్లేట్: ముందు అట్టముక్కతో కొలత తీసి, తర్వాత లేత్, మిల్లింగ్ పని చేస్తారు. బోల్ట్‌లతో పాటు లొకేటింగ్ పిన్‌లు కూడా ఉండాలి. విప్పి మళ్లీ బిగించినా అదే చోట కూర్చోవాలి.

* స్టీల్ షాఫ్ట్, బేరింగ్‌లు: షాఫ్ట్ సెంటర్ తప్పకూడదు. డయల్ గేజ్ పెట్టి చూడాలి. సెంటర్ తప్పితే ప్రతి చుట్టులో టైమింగ్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది.

* కప్లింగ్: సెంటర్ నుంచి 10 మిల్లీమీటర్ల దూరంలో 0.17 మిల్లీమీటర్ల లూజు ఉంటే చాలు, డిస్ట్రిబ్యూటర్ దగ్గర 1 డిగ్రీ, క్రాంక్ దగ్గర 2 డిగ్రీలు పోయినట్టే. కప్లింగ్ నాలుక మధ్యలో కాకుండా కాస్త పక్కకి ఉండాలి. అప్పుడే 180 డిగ్రీలు తిప్పి తప్పుగా పెట్టే చాన్స్ ఉండదు.

* ఆయిల్ సీల్, ఓ-రింగ్: ముందు వైపే టైమింగ్ బెల్ట్ ఉంటుంది. ఆయిల్ కారి బెల్ట్ మీద పడితే బెల్ట్ పాడవుతుంది.

* వెనక మూత: డిస్ట్రిబ్యూటర్ తీసేసిన చోట పెట్టే బ్లాంకింగ్ ప్లేట్. ఇది కూడా ఫైర్‌వాల్‌కి తగలకూడదు.

ఇంజిన్ మౌంట్‌ల మీద ఊగుతుందని మర్చిపోకూడదు. ఆగి ఉన్నప్పుడు ఖాళీ కనిపించినా, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే రేడియేటర్ ఫ్యాన్‌కో, హోస్‌కో తగలొచ్చు.

తేడా వస్తే ఏమవుతుంది?

స్పార్క్ మరీ ముందే పడితే ఇంజిన్ నాక్ అవుతుంది. అలాగే లాగిస్తే పిస్టన్‌లు పగులుతాయి. ఆలస్యంగా పడితే పవర్ తగ్గి, ఎగ్జాస్ట్ వేడెక్కిపోతుంది. కప్లింగ్ విరిగితే నడిరోడ్డు మీద ఇంజిన్ ఆగిపోతుంది.

అందుకే బిగించాక టైమింగ్ లైట్‌తో చెక్ చేయడం తప్పనిసరి. డయాగ్నస్టిక్ కనెక్టర్‌లో టీఈ1, ఈ1 టెర్మినల్స్ కలిపి, ఐడిల్‌లో 10 డిగ్రీల అడ్వాన్స్ ఉందో లేదో చూస్తారు. తర్వాత ఆర్‌పీఎం పెంచుతూ టైమింగ్ మార్క్ నిలకడగా ఉందా, వణుకుతోందా అని గమనించాలి. మార్క్ వణికితే ఎక్కడో లూజు ఉన్నట్టే. అప్పుడు డిస్ట్రిబ్యూటర్ తిప్పి సెట్ చేస్తే లాభం లేదు, కిట్ విప్పాల్సిందే.

మన దగ్గర చేయొచ్చా?

ఏఈ86ని మన దేశంలో అధికారికంగా అమ్మలేదు. కానీ వేరే కార్లలో ఇంజిన్ మార్చాలనుకునే వాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం-1988లోని సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి ఓనర్‌కి రూ.5 వేల జరిమానా లేదా 6 నెలల వరకు జైలు, లేదంటే రెండూ పడొచ్చు.

కాబట్టి ఇంజిన్ విప్పే ముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకోవడం మంచిది.