ఓడ వస్తుందా, రాదా?

కాకి అరిస్తే చుట్టాలొస్తారని తెలుగువాళ్ళ ఇళ్ళల్లో అనుకోవడం మామూలే. అండమాన్‌లోని మా ఆస్టినాబాద్‌లో కాకి ఒక్కటే అరిస్తే సరిపోయేది కాదు. చుట్టం విశాఖపట్నంలో ఓడెక్కాలి, మూడు రోజులు బంగాళాఖాతం దాటాలి, హడ్డో జెట్టీలో దిగాలి. అందుకే మా చిన్నప్పటి జోస్యాలన్నీ ఓడ చుట్టూ తిరిగేవి. ఈసారి ‘హర్షవర్ధన’ ఓడలో అమ్మమ్మ వస్తుందా, రాదా?

చెప్పాల్సింది గవ్వలు. కార్బిన్స్ కోవ్ ఇసుకలో ఏరుకొచ్చిన నాలుగు గవ్వల్ని దోసిట్లో గలగలలాడించి అరుగు మీద వేసేవాళ్ళం. వెల్లకిలా పడ్డవి ఎక్కువైతే వస్తుంది, బోర్లా పడ్డవి ఎక్కువైతే రాదు. చెరి సగం పడితే మళ్ళీ వెయ్యాలి. ‘రాదు’ అని పడితే మాత్రం గవ్వ గోడకు తగిలిందనో, చెయ్యి వణికిందనో ఇంకో ఆట వేసేవాళ్ళం.

2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు దాదాపు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత స్థానం మనదే. అందుకే బడిలో అన్ని భాషల పిల్లలమూ హిందీలోనే మాట్లాడుకునేవాళ్ళం. అక్కడ అందరినీ కలిపిన జోస్యం ‘ఫ్లేమ్స్’. ఇద్దరి పేర్లు ఇంగ్లీషులో రాసి, రెండింటిలోనూ ఉన్న అక్షరాలు కొట్టేసి, మిగిలినవి లెక్కపెట్టాలి. ఆ లెక్కతో FLAMES అనే ఆరక్షరాలనూ చుట్టి వస్తూ ఒక్కొక్కటే కొట్టేస్తే చివరికి స్నేహమో, పెళ్ళో, శత్రుత్వమో తేలుతుంది. 3 గాని 5 గాని మిగిలితే ఎప్పుడూ స్నేహమే, 6 అయితే పెళ్ళే, 4 అయితే శత్రుత్వమే. ఆ గుట్టు తెలిశాక 4 వచ్చిన స్నేహితురాలి పేరుకు ఇంటిపేరు చేర్చి మళ్ళీ రాసేవాళ్ళం.

ఇంట్లో జోస్యాలు మాత్రం తెలుగువే. ఆషాఢంలో గోరింటాకు ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడని అత్తయ్యలు అరచేతులు తిప్పి చూసేవారు. గోళ్ళ మీద తెల్లమచ్చ కనిపిస్తే కొత్తబట్టలని సంబరపడేవాళ్ళం.

ఇవన్నీ నిజమవుతాయని మేం నమ్మామా అంటే, పూర్తిగా కాదు. నచ్చని జవాబును మార్చుకున్నామంటే, ఏం కావాలో మాకు ముందే తెలుసు. ‘అమ్మమ్మను చూడాలనుంది’ అని నాన్నను అడగలేని పిల్లలు గవ్వల్ని అడిగేవారు. టిక్కెట్ల ఖర్చు, సెలవుల ఇబ్బంది తెలిసిన ఇళ్ళల్లో కోరిక బయటపెట్టడానికి ఆ ఆటే దారి. అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ళు విననట్టే ఉండేవారు గాని, అంతా వినేవారు.

ఉగాదికి పెద్దలమైన మనమూ పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు వింటాం. వ్యయం ఎక్కువుందని మర్నాడు పని మానుకున్నవాళ్ళు లేరు. ఏడాదిని ఎదుర్కొనే ముందు అందరం ఒకచోట కూర్చోవడమే అందులోని బలం.

అందుకే మన తెలుగు సంఘానికి నా మనవి: ఇకపై పంచాంగ శ్రవణం కాగానే ఒక గంట పిల్లలకివ్వండి. తీరంలో గవ్వలు ఏరక్కర్లేదు, అష్టాచెమ్మాకు అరగదీసుకునే చింతపిక్కలు చాలు. పెద్దలు పక్కనే కూర్చుని, పిల్లలు ఆ పిక్కల్ని ఏం అడుగుతున్నారో వినండి. అందులో మనం తీర్చగలిగినవి చాలానే ఉంటాయి.