డిస్కు క్లోనింగు – మిగిలిన చోటు

కంప్యూటరు పాతబడిన కొద్దీ హార్డ్‌డిస్కులో చోటు చాలకపోవడం సర్వసాధారణం. పత్రాలను, ఛాయాచిత్రాలను ఒక్కొక్కటిగా కొత్త డిస్కులోకి నకలు చేయవచ్చును. కాని విండోస్ అలా నకలు చేసినంత మాత్రాన పనిచేయదు. కంప్యూటరు ప్రారంభం కావడానికి అవసరమైన కొన్ని భాగాలు మామూలు ఫైళ్ళ నడుమ కనిపించవు. అందుచేత డిస్కునంతటినీ ఉన్నదున్నట్లుగా మరొక డిస్కు మీదికి దించుతారు. దీనినే క్లోనింగు అంటారు. గ్రీకు భాషలో ‘రెమ్మ’ అనే అర్థం గల పదం నుండి ఈ మాట పుట్టింది.

ఈ పనిలో అన్నిటికన్న పెద్ద ప్రమాదం దిశ మారడం. మూలమేదో, గమ్యమేదో పొరబడితే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కును తుడిచివేస్తుంది. కనుక ముఖ్యమైన ఫైళ్ళను ముందే వేరొక చోట భద్రపరచాలి. డిస్కుల పేర్లు, పరిమాణాలు రెండుసార్లు సరిచూసుకోవాలి.

500 జీబీ డిస్కును 1 టీబీ డిస్కు మీదికి క్లోన్ చేశామనుకుందాం. కంప్యూటరు చక్కగా ప్రారంభమవుతుంది. కాని సి డ్రైవు పాత పరిమాణంలోనే ఉంటుంది! సొమ్ము వృథా అయిందని దిగులుపడనక్కరలేదు. ఏ విభాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిపే పట్టిక ఒకటి డిస్కు మొదట్లో ఉంటుంది. సమాచారంతోపాటు ఆ పట్టిక కూడా కొత్త డిస్కుకు వచ్చింది. రెండెకరాల దస్తావేజును నాలుగెకరాల పొలానికి నకలు రాసినట్లన్నమాట. గట్లు పాత కొలతల్లోనే ఉండి, తక్కిన రెండెకరాలు బీడుగా మిగిలాయి. కొన్ని క్లోనింగు సాధనాలు గట్లను తామే జరుపుతాయి గాని, అన్నీ అలా చేయవు.

విండోస్‌లోని ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ ఈ బీడును ‘అన్‌అలొకేటెడ్’ అనే పేరుతో చూపుతుంది. మొత్తం డిస్కు 931 జీబీగానే కనిపించడం వేరే సంగతి. తయారీదారులు 1000 లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలవడమే అందుకు కారణం.

బీడును సి డ్రైవులో కలుపుకోవాలంటే అది దానిని ఆనుకొని కుడివైపున ఉండాలి. చాలా కంప్యూటర్లలో నడుమ చిన్న రికవరీ విభాగం అడ్డుపడుతుంది. అప్పుడు ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ ఆదేశం పనిచేయదు. జీపార్టెడ్ వంటి ఉచిత సాధనంతో ఆ విభాగాన్ని చివరికి జరిపితే దారి ఏర్పడుతుంది. ఇంత శ్రమ ఎందుకనుకునేవారు బీడును డి డ్రైవుగా చేసుకోవచ్చును. నిజానికి ఇదే మేలు. విండోస్ చెడి, సి డ్రైవును తుడిచి మళ్ళీ ఎక్కించవలసి వచ్చినా, డి డ్రైవును ముట్టుకోనంతవరకు అందులోని ఫైళ్ళు నిలుస్తాయి. అయితే డిస్కే పాడైతే రెండూ పోతాయి.

4 టీబీ డిస్కు కొన్నవారికి మరొక చిక్కు ఉంది. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన ఎంబీఆర్ పద్ధతి పట్టిక, 512 బైట్ల సెక్టార్ల లెక్కన, సుమారు 2.2 టీబీని మించి కొలవలేదు. ఆపై చోటును వాడుకోవాలంటే జీపీటీ పద్ధతికి మారాలి.

క్లోనింగు ముగియగానే కంప్యూటరును ఆపి, పాత డిస్కును ఊడదీయాలి. గుర్తింపు సంఖ్య కూడా నకలైనందున, రెండూ ఉంటే విండోస్ ఒకదానిని పక్కన పెడుతుంది. ఊడదీసిన డిస్కును వెంటనే చెరపక కొన్ని వారాలు దాచి ఉంచడం మంచిది.