అలమారలో ఆకుకూర: వేడి ఎటు పోవాలి?

మార్కాపురం, గిద్దలూరు వైపు మార్చి దాటాక పెరటి మడిలో కొత్తిమీర నిలవదు. మొలక పలచగా వస్తుంది, వచ్చిన మొక్క కూడా ఆకు కట్టకుండానే పూతకెక్కుతుంది. అందుకే ఇంట్లో పడివున్న పాత అలమారకు ఎల్.ఈ.డి. లైటు బిగించి, ట్రేలలో ఆకుకూర వేసుకుందామనే ఆలోచన వస్తుంది. మంచి ఆలోచనే. ఎండ పడదు, వడగాలి తగలదు, మేక దూరదు. కానీ తలుపు మూసి లైటు వేసిన గంటకే లోపల చెయ్యి పెడితే గదికన్నా వేడిగా ఉంటుంది. ఎండే లేనిచోట ఈ వేడి ఎక్కణ్నుంచి వచ్చింది?

లైటు నుంచే. ఎల్.ఈ.డి.కి చల్లని లైటని పేరుగానీ, అది తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగానే తేలుతుంది. కొంత నేరుగా లైటు పట్టీ నుంచి వస్తుంది. మిగతాది వెలుగై ఆకు మీద, మట్టి మీద, చెక్క మీద పడి అక్కడ వేడిగా మారుతుంది. ఆకు తన ఆహారంగా దాచుకునేది అందులో నూటికి కొద్ది పాళ్లే. కాబట్టి 60 వాట్ల లైటు పెడితే 60 వాట్ల హీటరు పెట్టినట్టే లెక్క. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచే దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది, గదికి అదేమీ భారం కాదు. కానీ రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న అలమారలో పట్టే గాలి 16 ఘనపు అడుగులే, అంటే అర ఘనమీటరుకు లోపు. పైగా చెక్క వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. వేడి కొంచెమే అయినా దానికి దారి లేదు, అదీ చిక్కు. లైటుకు కరెంటు మార్చి ఇచ్చే డ్రైవరు పెట్టె కూడా వేడెక్కుతుంది. దాన్ని అలమార బయట బిగిస్తే కొన్ని వాట్ల బరువు ఊరికే తగ్గిపోతుంది.

మరి ఎంత గాలి ఆడాలి? దీనికి తేలికైన లెక్క ఉంది. లైటు వాట్లను మూడుతో గుణించండి. గదికన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువైనా ఒప్పుకుంటారో దానితో భాగించండి. వచ్చిన అంకె, గంటకు ఎన్ని ఘనమీటర్ల గాలి మారాలో చెబుతుంది. 60 వాట్ల లైటుకు మూడు డిగ్రీలు ఒప్పుకుంటే గంటకు 60 ఘనమీటర్లు. అంటే అలమారలోని గాలి దాదాపు అర నిమిషానికోసారి పూర్తిగా మారాలి. వినడానికి ఎక్కువనిపించినా, కంప్యూటరులో వాడే 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఈ పని చేయగలదు. అయితే ఫ్యాను పెట్టె మీద రాసిన అంకె ఏ అడ్డూ లేనప్పటిది. జాలీ, ఇరుకు కన్నం, వంపు తిరిగిన గొట్టం అడ్డమైతే అది సగానికి పడిపోవచ్చు. అందుకని లెక్కలో తేలినదానికి రెట్టింపు గల ఫ్యాను కొనడం మేలు. తేడా ఒక్క డిగ్రీకి దించాలంటే మాత్రం మూడింతల గాలి కావాలి. ఆ హోరు, ఆ ఖర్చు దండగని నా అభిప్రాయం.

ఫ్యాను ఎక్కడ పెట్టాలన్నదానికి జవాబు మన పక్కనే ఉంది. పొదిలి, కనిగిరి, దర్శి వైపు పొగాకు బ్యారన్లు చూడండి. పొయ్యి బయట ఉంటుంది, వేడి ఇనప గొట్టాల్లో లోపల నేల వెంట తిరుగుతుంది. గాలి వచ్చే కన్నాలు కింద, పోయే కన్నాలు పైన. క్యూరింగ్ మొదట్లో ఆకు పసుపు తిరిగేదాకా 35 డిగ్రీల చుట్టూ ఉంచి, కన్నాలు దాదాపు మూసి తేమను లోపలే నిలుపుతారు. రంగు నిలిచాక వేడిని మెల్లగా 50 దాటిస్తూ కన్నాలు తెరుస్తారు. చివర ఈనె ఆరడానికి 70 దాకా తీసుకెళ్లి మళ్లీ మూస్తారు. తెరవాల్సిన వేళ తెరవకపోతే తేమ లోపలే చిక్కి, పసుపు పండిన ఆకు గోధుమరంగుకు తిరుగుతుంది, వేలంలో ధర పడిపోతుంది. వేడి, తేమ రెండూ ఒకే గాలి మీద ఎక్కి బయటికి పోతాయన్న సంగతి ఆ రైతుకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. బ్యారన్‌కు కావలసింది వేడి, మనకు వద్దనుకునేదీ వేడే. అయినా దారి ఒకటే: కింద నుంచి లోపలికి, పై నుంచి బయటికి.

కాబట్టి ఫ్యానును అలమార పైభాగంలో, వెనకవైపు, గాలిని బయటికి లాగేట్టు బిగించాలి. వేడిగాలి ఎలాగూ పైకే చేరుతుంది, అది కిందకు కలవకముందే లాగేయాలి. గాలి వచ్చే కన్నం కింద, ఫ్యానుకు ఎదురు మూలన ఉండాలి, ఫ్యాను కన్నానికి కనీసం రెట్టింపు వెడల్పుతో. ఫ్యాను పక్కనే ఇంకో కన్నం ఉంటే గాలి దగ్గరి దారి చూసుకుని అటే పోతుంది, కింది ట్రేలు ఉక్కలోనే ఉండిపోతాయి. దోమజాలీ కడితే వారానికోసారి దులపాలి. మార్కాపురంలో పలకల కోత జరిగే చోట్లకు దగ్గరున్న ఇళ్లలో ఇంకా తరచుగా చూసుకోవాలి.

లోపల మరో చిన్న ఫ్యాను కూడా కావాలంటారు, ఎందుకు? ఆకును అంటిపెట్టుకుని కదలని గాలి పొర ఒకటి ఉంటుంది. ఆకు వదిలిన తేమ ఆ పొరలోనే నిండిపోతే ఆకు తనను తాను చల్లబరచుకోలేదు. లేత నారు మొదళ్ల దగ్గర తేమ నిలిస్తే నారుకుళ్లు తెగులు వస్తుంది. మెల్లని గాలి ఆ పొరను చెదరగొడుతుంది, కాడను కూడా గట్టిపరుస్తుంది. ఆకు సన్నగా వణికితే చాలు. మన పొడిగాలి నేరుగా ఊదితే ఆకు అంచులు మాడిపోతాయి.

ఇక అసలు కష్టమైన ప్రశ్న. గదిలోనే 39 డిగ్రీలుంటే? ఫ్యాను గాలిని మారుస్తుందే తప్ప చల్లబరచదు. గది 39 అయితే, ఎంత చక్కగా బిగించినా, మూడు డిగ్రీల లెక్కన అలమార 42. ఇక్కడే చాలామంది ఇంకో ఫ్యాను కొంటారు, దానివల్ల ఒరిగేదేమీ లేదు. మార్చాల్సింది లోపలికి వచ్చే గాలిని.

మొదట వేళ మార్చండి. శ్లాబు ఇల్లు పగలు పట్టిన ఎండను రాత్రి పొద్దుపోయేదాకా వదులుతూనే ఉంటుంది, తెల్లవారుజామున గది అన్నిటికన్నా చల్లబడుతుంది. అందుకని లైటును రాత్రి తొమ్మిదికి వేసి ఉదయం పదకొండుకు ఆర్పేలా టైమరు పెడితే, మధ్యాహ్నపు మంటకు లైటు వేడి తోడవదు. పద్నాలుగు గంటల వెలుగుకు రోజుకు 0.84 యూనిట్లు, నెలకు పాతిక యూనిట్లు. పడమటి గోడకు ఆనించి మాత్రం అలమార పెట్టవద్దు.

రెండోది నీళ్లు. మన గాలి పొడిగా ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. మధ్యాహ్నం 40 డిగ్రీల వేడి, గాలిలో తేమ 20 శాతం అనుకుందాం. తడి తడక గుండా వచ్చే గాలి సిద్ధాంతం ప్రకారం 23 దాకా, నిజంలో 28, 29 దాకా దిగుతుంది. అదే చీరాల తీరాన 36 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్నప్పుడు ఎంత తడిపినా 31 దగ్గర ఆగుతుంది. ఎండలో వాళ్లకన్నా మనం నాలుగు డిగ్రీలు వెనకబడి, తడి తడక దగ్గర వాళ్లను దాటిపోతాం. అలమార కింది కన్నానికి వట్టివేళ్ల తడక కట్టి, పై నుంచి నీటి చుక్కలు పడేలా చేస్తే చాలు, కూలరే అక్కర్లేదు. గంటకు 60 ఘనమీటర్ల గాలిని 12 డిగ్రీలు దించడానికి ఆవిరయ్యేది మూడోవంతు లీటరు నీళ్లే. ట్యాంకరు కోసం ఎదురుచూసే ఇళ్లలో ఈ అంకె తెలియడం అవసరం. తడక వెడల్పుగా ఉండాలి, లేకుంటే గాలికి అదే అడ్డమవుతుంది.

బోరు నీళ్లతో జాగ్రత్త. నీరు ఆవిరైపోతుంది, అందులోని ఉప్పు తడకలో మిగిలిపోతుంది. పొదిలి, కనిగిరి, మార్కాపురం వైపు నీళ్లలో ఉప్పులూ ఫ్లోరైడూ ఎంత బాధ పెట్టాయో చెప్పనక్కర్లేదు. తడక తెల్లగా పెళుసెక్కితే గాలి దూరదు. కారే నీటిని మళ్లీమళ్లీ తిప్పకుండా అప్పుడప్పుడు పారబోసి కొత్తవి పోయాలి. ఆ పారబోసిన నీళ్లు ట్రేలలో పోయకూడదు.

కరెంటు పోతే ఏమవుతుంది? లైటు, ఫ్యాను రెండూ ఆగితే పెద్ద ప్రమాదం లేదు, తలుపు తీసి ఉంచితే సరి. ప్రమాదమల్లా ఫ్యాను ఒక్కటే చెడిపోయి లైటు వెలుగుతూ ఉంటే. లోపల 35 దాటగానే లైటును ఆర్పే థర్మోస్టాటు ఒకటి తప్పక పెట్టాలి. ఇన్వర్టరు ఉంటే ఫ్యానును దానికి కలపండి, లైటును వద్దు. థర్మామీటరును ఆకుల ఎత్తున, లైటు నేరుగా పడకుండా అట్టముక్క చాటున వేలాడదీయాలి. లైటు కింద పెడితే అది గాలి వేడి కాకుండా తన ఒంటి వేడిని చూపిస్తుంది.

ఇంత చేసినా మే నెలలో కొత్తిమీర, మెంతి మొండికేయవచ్చు. అవి చలికాలపు పంటలు. అప్పుడు తోటకూర వేయండి, 30 నుంచి 35 డిగ్రీలు దానికి ఇష్టమైన వేడి.

విత్తనం వేయకముందు ఒక పరీక్ష చేయాలి. ఖాళీ అలమారలో లైటు, ఫ్యాను వేసి తలుపు మూసి రెండు గంటలాగి, లోపల ఎంతుందో గదిలో ఎంతుందో చూడండి. తేడా మూడు లోపుంటే ట్రేలు పెట్టొచ్చు. ఐదో ఆరో ఉంటే, ఫ్యాను మార్చేముందు కింది కన్నం ఇంకాస్త పెద్దది చేసి మళ్లీ చూడండి.